బావి అన్నాను, బాయి అని విన్నారు

మందమర్రి: నన్నెవరూ లేపలేదు

నేను వెళ్ళాల్సింది గోదావరిఖనికి. దానికి రామగుండం స్టేషన్‌లో దిగాలి. నేను దిగింది మాత్రం మందమర్రిలో.

తెనాలిలో బయలుదేరి, కాజీపేటలో ప్యాసింజరు ఎక్కేసరికే నా కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎదురు సీట్లో ఒక ముసలావిడ కాల్చిన మక్కజొన్న పొత్తుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “రామగుండంలో దిగాలి, కాస్త చూడండమ్మా” అని చెప్పి మరీ కన్ను మూశాను. ఆవిడ తలూపింది. పక్కనున్న ఇద్దరు మగవాళ్ళూ తలూపారు. మా వైపు అంతమంది తలూపితే ఇక ఆ ప్రయాణికుడికి నిద్ర ఉండదు. ప్రతి స్టేషన్‌లోనూ ఎవరో ఒకరు భుజం పట్టి కుదిపి, ‘ఇది కాదులెండి, పడుకోండి’ అని చెబుతారు.

నాకు మెలకువ వచ్చేసరికి రామగుండం పోయింది. గోదావరి వంతెన పోయింది. మంచిర్యాల కూడా పోయింది. ముసలావిడ మాత్రం అక్కడే ఉంది, నన్నే చూస్తూ.

“లేపలేదేమిటమ్మా?” అన్నాను ఏడుపు గొంతుతో.

“పండుకున్న మనిషిని ఎట్ల లేపుత బిడ్డ? ఏ షిఫ్టు చేసి వస్తున్నవో ఏమో. పాపం తాకుతది.”

“షిఫ్టు ఏమిటండీ, నేను పంతులమ్మని.”

“పంతులమ్మవైతే ఏంది, నిద్ర నిద్రనే గద” అని ఆవిడ ఒక పొత్తు తీసి నా చేతిలో పెట్టింది. “తిను. ఎనకకు పోయె బస్సు దొరుకుతది. ఫికర్ చెయ్యకు.”

మందమర్రి బస్టాండులో ఆ పొత్తు కొరుకుతూ, ఇదేదో పెద్దావిడ చాదస్తం అనుకున్నాను. అది ఆవిడ ఒక్కదాని చాదస్తం కాదని, ఆ బొగ్గు ఊళ్ళన్నింటికీ ఉన్న కట్టుబాటు అని తర్వాత తెలిసింది. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే నా సలహా ఒక్కటే. రైల్లో నిద్రపోకండి.

గోదావరిఖని: అరుపు లేని క్రికెట్టు

ఇంతకీ ఎందుకు వెళ్ళానో చెప్పాలి. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో తెలుగు చెబుతాను. పిల్లల చేత సొంతంగా రాయించడం ఎలా అన్నది నా ముచ్చట. దాని మీద నాకొక ఉపన్యాసం ఉంది. ‘మనసు ఒక బావి. తోడేకొద్దీ ఊరుతుంది. తోడకపోతే పాచి పడుతుంది’ అని మొదలవుతుంది. అక్కణ్ణుంచి మాట చేద, వాక్యం తాడు, వ్యాకరణం గిలక. గిలకకు నూనె లేకపోతే కీచుమంటుందని చెప్పే చోట ఎక్కడైనా సరే చప్పట్లు పడతాయి. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు కాబట్టి ఆ బావిని శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా మోసుకు తిరిగాను.

గోదావరిఖనిలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పే స్వరూప, హైదరాబాదు శిక్షణ తరగతుల్లో ఈ ఉపన్యాసం విన్నది. ఊరికి పోయి శనివారం ఒక పీరియడు పెట్టింది. ఆ గంటలో గైడు ముట్టుకోకూడదు, పిల్లలు తమ మాటలే రాయాలి. ఇప్పుడా పీరియడుకే ముప్పు వచ్చింది. హెడ్మాస్టరు నర్సయ్యగారు దాన్ని లెక్కలకు ఇచ్చేస్తానంటున్నారు. శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉంది. పిల్లలు రాసినవి అక్కడ చదవాలి. ‘పెద్దోళ్లకు నచ్చితె ఉంచుత, లేకుంటె లెక్కలు’ అని ఆయన తీర్పు.

“మీరొచ్చి రెండు రోజులు చెప్తె నిలవడ్తది మేడం. లేకుంటె నా పీరియడు పోతది” అని స్వరూప ఫోన్ చేసింది. అలా వెళ్ళాను.

ఆమె కంపెనీ క్వార్టర్లో ఉంటుంది. భర్త గనిలో పనిచేస్తాడు, ఆ వారం రెండో షిఫ్టు. నేను వాళ్ళింట్లో ఉన్నన్ని రోజులూ ఆయన్ని చూడలేదు. నేను పొద్దున్నే బడికి పోయేటప్పుడు ఆయన నిద్ర. నేను సాయంత్రం వచ్చేసరికి ఆయన డ్యూటీలో. గడపలో చెప్పులు చూశాను, వంటింట్లో ఆయన కోసం మూత పెట్టిన కంచం చూశాను. చెప్పుల సైజును బట్టి పొడగరి అనుకున్నాను.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది స్వరూప. మా వైపు పులుసు అంటే గంటసేపు మరగాలి. ఇక్కడి పచ్చిపులుసు పొయ్యి మొహమే చూడదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి వేస్తే అయిపోయింది. ఇదీ ఒక పులుసేనా అని మనసులో అనుకుంటూనే మూడుసార్లు పోయించుకున్నాను.

మర్నాడు పొద్దున క్వార్టర్ల సందులో ఒక వింత చూశాను. పిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు. వికెట్టు పడింది. మా తెనాలిలో అయితే గోళీ తగిలినా వీధి లేచిపోతుంది. ఇక్కడ పదిమంది పిల్లలూ నోరు విప్పకుండా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. అంపైరు వేలెత్తాడు. అవుటైనవాడు కోపంగా, కానీ చప్పుడు లేకుండా బ్యాటును నేలకేసి కొడుతున్నట్టు అభినయించి వెళ్ళిపోయాడు. మూగ సినిమా చూసినట్టుంది.

“రాత్రి షిఫ్టోళ్లు పండుకుంటరు గద మేడం. ఇక్కడ పిల్లలు నడక కంటె ముందు ఇది నేర్చుకుంటరు” అంది స్వరూప గుసగుసగా. మేము కూడా ఆ సందు దాటేదాకా గుసగుసగానే మాట్లాడుకున్నాం.

తొమ్మిదో తరగతి: బావిలో ఏముంటుంది

స్వరూప నన్ను తొమ్మిదో తరగతిలో వదిలి పక్క గదికి పాఠానికి పోయింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

“మనసు ఒక బావి. ఆ బావిలో ఏముంటుంది?”

ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు, నీళ్ళు. ఆ జవాబు కోసం నవ్వుమొహం పెట్టి ఆగాను.

“చీకటి” అన్నాడు ముందు బెంచీ కుర్రాడు.

నా ఒళ్ళు జలదరించింది. మనసు ఒక బావి అంటే అందులో చీకటి ఉంటుందని తొమ్మిదో తరగతి పిల్లవాడు అన్నాడు. “ఇంకా?” అన్నాను.

“బొగ్గు.”

“గ్యాస్ గూడ ఉంటది మేడం. దిగంగనే చూసుకోవాలె.”

మనసులో బొగ్గు. అంటే రాజుకోవడానికి సిద్ధంగా ఉన్న కోపం కాబోలు. గ్యాస్ అంటే అసూయ అనుకున్నాను. వీళ్ళు పిల్లలు కారు, పిడుగులు అని మురిసిపోతూ, “మరి తోడేకొద్దీ ఏమవుతుంది?” అని అడిగాను.

“అయిపోతది.”

“అయిపోదు నాన్నా, ఊరుతుంది.”

“ఊరితె పంపు పెట్టి తీసెయ్యాలె మేడం. నీళ్లు నిండితె పని బంద్.”

ఇది కాస్త కొరుకుడు పడలేదు. అయినా పట్టు వదలకుండా, “సరే, అయిపోయిందే అనుకుందాం. అప్పుడేం చేస్తారు?” అన్నాను.

“తీసిన జాగల ఉసికె నింపుతరు” అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఉసికె అంటే ఏమిటన్నాను. “గోదాట్ల ఉంటది గద మేడం” అన్నారు, ఇంత తెలియని మనిషి పాఠం ఎలా చెబుతుందా అన్నట్టు చూస్తూ. ఇసుక అని అర్థమైంది.

“ఇసుక నింపాక?”

“బదిలీ చేస్తరు. వేరే బాయికి.”

నాకు కళ్ళు చెమర్చాయి. ఒక బావి నిండితే మరో బావికి బదిలీ. పునర్జన్మ సిద్ధాంతాన్ని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు లేరనుకున్నాను. బావిని ఇక్కడివాళ్ళు బాయి అంటారని స్వరూప ఫోన్‌లోనే చెప్పింది కాబట్టి, ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాలని నాకు తోచలేదు. అంత తెలివి ఉంటే మందమర్రిలో ఎందుకు దిగుతాను.

‘మా ఊరు’ అని పేరిచ్చి, గైడు ముట్టుకోకుండా రాయమన్నాను. గంట తర్వాత కాగితాలు అందుకుని కూర్చున్నాను. మొదటి కాగితం: ‘బొగ్గును నల్ల బంగారము అందురు.’ రెండో కాగితం: ‘బొగ్గును నల్ల బంగారము అందురు.’ మూడోదీ అంతే. ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒకటి రెండు సొంత వాక్యాలు, వాటి చుట్టూ గైడులోంచి దింపిన పేరాలు.

“ఇదేమిటి నాన్నా, గైడు ముట్టుకోవద్దన్నాను కదా” అని ముందు బెంచీ కుర్రాణ్ణి అడిగాను.

“సొంతవి అయిపోయినయి మేడం. అందుకే ఉసికె నింపిన” అన్నాడు వాడు ఎంతో మర్యాదగా. “బాయి అన్నది మీరే గద.”

అప్పుడే గదిలోకి వచ్చిన స్వరూప ఆ మాట విని, నా మొహం చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మేడం, ఇక్కడ బాయి అంటె బొగ్గుబాయి. గని. నీళ్లు నల్లాల వస్తయి. నీళ్ల బాయి చూసినోళ్లు ఈ క్లాసుల పది మంది గూడ ఉండరు.”

“మరి హైదరాబాదులో నువ్వెలా విన్నావు?”

“అక్కడ నాకు నీళ్ల బాయే కనవడ్డది మేడం. ఇక్కడికొచ్చి చెప్పంగ చెప్పంగ ఎప్పుడు బొగ్గుబాయి అయిందో నాకే తెల్వలే.”

అసూయ, పునర్జన్మ, అన్నీ ఒక్కసారిగా గోదాట్లో కలిశాయి. తోడితే అయిపోయేది, నీరు ఊరితే ప్రమాదమైనది, ఖాళీ అయితే ఇసుకతో నింపాల్సింది వీళ్ళ బావి. నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదానికి సరిగ్గా తలకిందులు. ‘నుయ్యి’ అని చెప్పి చూశాను. నుయ్యి అంటే ఏంది మేడం అన్నారు.

హెడ్మాస్టరు గది: ఏకై వచ్చి మేకై

నర్సయ్యగారు ఆ కాగితాలు తెప్పించుకుని చదివి పరమానందపడ్డారు. సన్నగా, పొడుగ్గా, మాటకు ముందు దగ్గే మనిషి. బొగ్గుబావి కార్మికుడి కొడుకే.

“మస్తు రాసిండ్రు మేడం. అక్షరం తప్పు లేదు. మీ పాఠం మంచిగ ఎక్కింది.”

“అది గైడులోదండీ.”

“గైడుల ఉన్నదే మార్కులకు నిలవడేది” అని చాయ్ కప్పు నా ముందుకు జరిపారు. “బొగ్గు తీసి ఉసికె నింపకుంటె ఏమైతది? పైకప్పు కూలుతది. మీద ఊరు కుంగుతది. పరీక్ష గట్లనే. నాలుగు సొంత ముచ్చట్లు రాసి పేజీ ఖాళీ వదిలిపెడితె పోరడు ఫేల్. మీరు చెప్పిన ఉపమానమే.”

నా ఉపమానం ఏకై వచ్చి మేకై కూర్చుంది. చాయ్ తాగాను.

“శనివారం చూద్దాం” అన్నారాయన. “వచ్చేటోళ్లు రాత్రి డ్యూటీ దిగి వస్తరు. నిద్ర మాని వస్తరు. వాళ్లను కూసోవెట్టి పిల్లగాళ్ల సొంత ముచ్చట్లు వినిపిస్తె నన్ను తిట్టరా? వెనక బెంచీ దాక వినవడేటట్టు, గట్టిగ, మంచి భాషల చదవాలె. లేకుంటె లెక్కల సారు రెడీగ ఉన్నడు.”

స్వరూపతో కలిసి బయటికి వచ్చాను. ఆమె పీరియడు నిలబెడదామని వచ్చి, నేనే దాని కింద బొగ్గు తవ్వేసినట్టయింది. నాకు నిజంగా సిగ్గేసింది.

బజారు: జనరల్ షిఫ్టు

సాయంత్రం మనసు బాగాలేక బజారుకు పోదామన్నాను. మిరపకాయ బజ్జీ రూపాయికి ఒకటి. తెనాలిలో అదే రూపాయికి రెండిస్తారు, కానీ అక్కడి రెండూ కలిపినా ఇక్కడి ఒక్కదాని ఘాటు రాదు. ఒకటి తిని నేను నోరు తెరుచుకుని నిలబడితే బజ్జీల మనిషి నీళ్ళిచ్చి పలకరించాడు.

“ఏ షిఫ్టు మేడం మీ ఇంట్ల?”

అక్కడ కులం అడగరు, గోత్రం అడగరు, షిఫ్టు అడుగుతారు. నేను బడిలో పాఠాలు చెబుతానన్నాను.

“జనరల్ షిఫ్టు” అని తేల్చేశాడు. “అదృష్టవంతులు. మీ పిల్లలు మిమ్ముల దినాం చూస్తరు.”

అతను మరో గరిటె పిండి కలుపుతూ మామూలుగా అన్న మాట అది. నాకు మాత్రం బజ్జీ కంటే ఎక్కువ మండింది. రెండు రోజులుగా మూత పెట్టిన కంచం చూస్తూ, చెప్పుల సైజు మీద జోకులేసుకుంటున్నదాన్ని నేనే. బావి నాది అని నేను పట్టుబట్టడం దేనికి? వీళ్ళ దగ్గర ఇంత పెద్ద బావి ఉండగా నా నూతిని తెనాలి నుంచి మోసుకురావడం దేనికి?

“స్వరూపా, రేపు ఉసికెతోనే మొదలుపెడదాం” అన్నాను.

మళ్ళీ తొమ్మిదో తరగతి: ఏ షిఫ్టు బాపు

మర్నాడు కాగితాలు తిరిగి ఇచ్చేసి, “మీ బాయే సరే. మీరు రాసినదాంట్లో ఏది బొగ్గో ఏది ఉసికెనో మీకే తెలుసు. ఉసికె కొట్టేయండి” అన్నాను.

పిల్లలు రెచ్చిపోయారు. నల్ల బంగారాలు, ‘పారిశ్రామిక ప్రగతికి వెన్నెముక’లు గీతల కింద పడిపోయాయి. ఒక పిల్లవాడు తన పేరు కూడా కొట్టేశాడు. ఎందుకురా అంటే, “మా తాత పెట్టిండు మేడం, నాది కాదు” అన్నాడు. పేరు ఉంచుకోవడానికి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

మూడో వరసలో రజిత అని ఒక అమ్మాయి. ముందు రోజంతా ఆ పిల్ల పెదవులు కదలడం చూశానే కానీ గొంతు వినలేదు. అడిగిన ప్రతిసారీ పక్కపిల్ల ఆ జవాబును గట్టిగా తిరిగి చెప్పేది. రజిత తన కాగితం నా ముందు పెట్టింది. పేజీ మొత్తం గీతలు, మధ్యలో వాళ్ళ నాన్న గురించి ఒకే ఒక్క వాక్యం మిగిలింది. ‘మా బాపు డ్యూటీకి పోతడు.’

“గింతే ఉన్నది మేడం” అంది. చెవి దగ్గర పెడితే వినపడింది.

“చాలు. మీ బాపు గురించే రాయి.”

“ఏ షిఫ్టు బాపు గురించి మేడం?”

“ఎంతమంది బాపులమ్మా నీకు?” అన్నాను నవ్వుతూ. క్లాసు కూడా నవ్వింది.

రజిత నవ్వలేదు. కాస్త ఆలోచించి, “ముగ్గురు” అంది.

నేను ఇంకేమీ అడగలేదు. ఇరవై ఏళ్ళ నా అనుభవంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకుంటాను. రజిత కూర్చుని రాయడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక్కసారి తలెత్తి, “‘పోతడు’ అని రాయొచ్చునా మేడం, ‘వెళ్ళును’ అని రాయాలెనా?” అని అడిగింది.

“మీ బాపు వెళ్ళునా, పోతడా?”

“పోతడు.”

“అయితే అదే రాయి” అన్నాను. వెనక స్వరూప కంగారుగా నా వైపు చూసింది. మంచి భాష అన్న హెడ్మాస్టరు షరతు ఇద్దరికీ గుర్తుంది.

శనివారం: ముగ్గురు బాపులు

మీటింగు హాలు నిండింది. ఎక్కువమంది తల్లులు. వచ్చిన తండ్రుల్లో సగంమంది కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లెక్కల సారు నిజంగానే తలుపు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి ఇద్దరు పిల్లలు చదివారు. పర్వాలేదనిపించింది. మూడోది రజిత. కాగితం పట్టుకుని లేచింది, హాలులోకి చూసింది, అక్కడే ఆగిపోయింది.

రెండో వరసలో వాళ్ళ బాపు మల్లేశం, భుజం మీద తువ్వాలుతో, గడ్డం ఛాతీకి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి స్నానం చేసి నేరుగా వచ్చినట్టున్నాడు.

“గట్టిగ సదువు” అన్నారు నర్సయ్యగారు అలవాటుగా. వెంటనే చుట్టూ నలుగురు తల్లులు “ష్” అన్నారు, మల్లేశం వైపు చూపిస్తూ. హెడ్మాస్టరు నోరు మూసుకున్నారు. ఆయనా ఆ ఊరివాడే కదా. స్వరూప కళ్ళు మూసుకుంది. వెనక బెంచీ దాకా వినపడాలన్న షరతు అక్కడితో సరి, పీరియడు లెక్కలకు పోయినట్టే అనుకున్నాం ఇద్దరం.

రజిత తనకు వచ్చిన గొంతుతోనే మొదలుపెట్టింది. హాలంతా ముందుకు వంగింది.

“మా ఇంట్ల ముగ్గురు బాపులు ఉన్నరు. వారానికి ఒకాయన వస్తడు. మొదటి షిఫ్టు బాపు పొద్దుగూకక ముందే ఇంటికొస్తడు. నవ్వుతడు, జామకాయలు తెస్తడు, లెక్కలు అడుగుతడు. లెక్కలు అడగకుంటె ఇంకా మంచోడు. రెండో షిఫ్టు బాపు మనిషి కాదు, మూతవెట్టిన కంచం. పొద్దున లేచి చూస్తె కంచం కడిగి ఉంటది. అంటె బాపు వచ్చిండన్నట్టు.”

చప్పుడు లేని నవ్వు ఒకటి హాలంతా పాకింది. కొందరు తల్లులు నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. లెక్కల సారు సుద్దముక్కను ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు.

“రాత్రి షిఫ్టు బాపు ఒక వీపు. మొకం గోడకు ఉంటది. ఆయన పండుకుంటె మా ఇంట్ల కుక్కర్ గూడ కూయది, అమ్మ పప్పును గిన్నెల వండుతది. ఆ వీపుకు నేను అన్నీ చెప్పుకుంట. పండుకున్నోళ్లకు చెప్తె తిట్టరు. లెక్కలు అర్థమైతలేవని చెప్పిన. సైకిల్ బెల్లు ఊడింది నాతోనే అని చెప్పిన. బాపు సైకిల్ షాపాయన మీద అనుమానపడ్డడు. ఆయనది తప్పు లేదని గూడ చెప్పిన. కని బాపుకు తెల్వది. పండుకున్నడు గద.”

“పండుకోలే” అన్నాడు మల్లేశం.

కళ్ళు తెరవలేదు. తల ఎత్తలేదు. రజిత చదవడం ఆపింది.

“సదువు బిడ్డ” అన్నాడు అలాగే. “బెల్లు సంగతి అప్పుడే ఇన్న.”

నర్సయ్యగారు దగ్గారు, కానీ మెల్లగా. “ఇన్నంక మరి పిల్లను అడగలేదేందయ్య?”

“అడిగితె మల్ల చెప్పది సార్” అన్నాడు మల్లేశం. ఇప్పుడు కళ్ళు తెరిచాడు. అవి ఎర్రగానే ఉన్నాయి. “రాత్రి షిఫ్టుల నాకు జల్ది నిద్ర పట్టది. కండ్లు మూసుకుని పండుకుంట. బిడ్డ వచ్చి కూసోని చెప్పుకుంటది. నేను ఇటు తిరిగితె ఆపేస్తది. అందుకే తిరగ.”

నేను కొంగు వెతుక్కున్నాను. నా జన్మలో అన్ని ఉపన్యాసాలు ఇచ్చాను, అన్ని చప్పట్లు విన్నాను. ఇంత నిశ్శబ్దం నాకెప్పుడూ దక్కలేదు.

“మరి ఈ పీరియడు ఉంచుదుమా, లెక్కలకు ఇద్దుమా?” అని అడిగారు నర్సయ్యగారు. హాలును అడుగుతున్నట్టే ఉంది కానీ మల్లేశాన్నే చూస్తున్నారు.

“లెక్కలు గూడ కావాలె సార్, ఆమెకు అర్థమైతలేవట” అన్నాడు మల్లేశం. అందరూ నవ్వారు. “కని నా వీపు మూడు వారాలకు ఒక్క వారమే ఇంట్ల ఉంటది. మిగతా వారాలు చెప్పుకునేటందుకు ఆ శనివారం ఉండనీయుండ్రి.”

హెడ్మాస్టరు తలుపు వైపు తిరిగి లెక్కల సారుకు సైగ చేశారు. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

“శనివారం ఉంటది స్వరూపా” అన్నారు నర్సయ్యగారు. తర్వాత నా వైపు చూసి, ఓడినట్టు ఒప్పుకోవడం ఇష్టంలేని గొంతుతో, “కని జెర ఉసికె ఉండాలె మేడం. పరీక్షల ముంగట జెర నింపుకుంటం” అన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఊరు కుంగడం నాకూ ఇష్టం లేదు.

బడి గేటు

నా రైలుకు వేళవుతోంది. స్వరూప ఆటో పిలవడానికి పోయింది. గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. మల్లేశం సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. దానికి బెల్లు లేదు, హ్యాండిల్ మీద అది ఉండాల్సిన చోట తుప్పు మచ్చ మాత్రం ఉంది. రజిత వెనక క్యారియర్ మీద ఎక్కి కూర్చుంది. ముందున్నవాళ్ళు మాటల్లో పడి దారి ఇవ్వలేదు.

మల్లేశం వెనక్కి తిరగకుండానే అన్నాడు. “బెల్లు ఊడగొట్టినవ్ గద. ఇగ నువ్వే కొట్టు.”

రజిత నా వైపు చూసింది, సిగ్గుపడింది, వాళ్ళ బాపు వీపు వైపు చూసింది. తర్వాత నోరు తెరిచి, గేటు అదిరిపోయేలా, “ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్” అని అరిచింది.

మూడు రోజులుగా చెవి దగ్గర పెట్టి విన్న గొంతు అది. జనం ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నారు. సైకిల్ మధ్యలోంచి దూసుకుపోయింది. రోడ్డు పొడుగునా ఎవరూ అడ్డం లేకపోయినా ట్రింగ్ ట్రింగ్ అని వినిపిస్తూనే ఉంది. నేను ఆటో ఎక్కడం మర్చిపోయి వింటూ నిలబడ్డాను.

క్వార్టర్ల సందు తిరగగానే ఆ బెల్లు ఆగిపోయింది.